కాలేజీ క్లస్టర్‌కి ఏ క్యూ పద్ధతి పెట్టాలి: ఫీఫోనా, బ్యాక్‌ఫిల్లా, ఫెయిర్‌షేరా?

పోయిన నెల కావలి నుంచి ఒక ఫ్రెండ్ ఫోన్ చేశాడు, వాళ్ళ కాలేజీలో ఆరు నోడ్ల క్లస్టర్ (ఒక్కటిగా కలిపిన ఆరు కంప్యూటర్లు, ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్) దిగిందంట, ఎవరి పని ఏ నోడ్ మీద ఎప్పుడు నడవాలో చూసే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించేశారంట, ఇంక క్యూ ఎట్టా పెట్టాలో చెప్పు, ముందొచ్చినోడికి ముందిచ్చేస్తే సరిపోద్దా లేకుంటే ఇంకేమన్నా ఉందా అని. ఫోన్లో గంట సేపు చెప్పా, ఆయనకి సగమే గుర్తుంది, అందుకే రాసి పెడతా ఉండా. నేను ఒంగోలు పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎనిమిది నోడ్ల క్లస్టర్ చూసుకుంటా ఉండా, నోడ్‌కి 32 కోర్లు, రెండిట్లో జీపీయూలు ఉండాయి. పెద్దదేం కాదు. కానీ వాడేవాళ్ళు మూడు రకాలు, మెకానికల్ వాళ్ళు సీఎఫ్‌డీ (గాలి, నీళ్ళ ప్రవాహం లెక్కలు) అని ఒకేసారి నాలుగైదు నోడ్లు అడుగుతారు, సీఎస్ఈ పిల్లకాయలు జీపీయూ మీదే పడతారు, కెమిస్ట్రీ మేడమ్ ఒకామె ఒక్కో నోడ్ తీసుకుని మూడు రోజులు వదిలిపెట్టదు. చిన్న క్లస్టర్ అయినా తగాదాలు మాత్రం పెద్దవే.

మాది సొంతూరు కోవూరు పక్క. కోతల టైంలో వరికోత మిషన్ కాడ జరిగేది చూసినోళ్ళకి ఈ షెడ్యూలింగ్ అంతా ఐదు నిమిషాల్లో అర్థమైపోద్ది. మిషన్ల ఏజెంటు నోట్‌బుక్‌లో వరసగా పేర్లు రాసుకుంటాడు. ముందున్న పెద్దరైతుకి ఇరవై ఎకరాలు, లారీ ఒక్క పూటే వస్తది కాబట్టి రెండు మిషన్లూ ఒకేసారి కావాలంటాడు. ఒక మిషన్ ఖాళీగా నిలబడి ఉంది, రెండోది పక్కూరు నుంచి రావడానికి మూడు గంటలు పడతది. అప్పుడు పక్క కయ్య ఆయన వచ్చి అన్నా నాది అరెకరమే, గంటలో అయిపోద్ది, అదొచ్చే లోపల కోసెయ్ అంటాడు. నోట్‌బుక్ ప్రకారమే పోతా అని మిషన్‌ని ఊరికినే నిలబెడితే అది ఫీఫో. పెద్దరైతుకి లేటు కాకుండా మధ్యలో అరెకరం కోసేస్తే అది బ్యాక్‌ఫిల్. అది సరే, ఆ అరెకరం చేను గాలికి పడిపోయి ఉంటే? గంట అన్నది మూడు గంటలవుద్ది, పెద్దరైతు గట్టు మీద నిలబడి తిడతా ఉంటాడు. నేను చెప్పబోయేదంతా ఆ గంట అన్న మాట గురించే, పాలసీ పేర్లు తర్వాత.

ఫీఫో సంగతి తొందరగా తేల్చేస్తా. స్లర్మ్‌లో దీన్ని బిల్టిన్ షెడ్యూలర్ అంటారు, వరసలో మొదటి జాబ్‌కి (అంటే ఒకరు నడపమని ఇచ్చిన పనికి) సరిపడా నోడ్లు లేకపోతే ఆ పార్టిషన్‌లో (కొన్ని నోడ్లకి కలిపి పెట్టిన క్యూలో) వెనకాల ఉన్నవి కూడా ఆగిపోతాయి. వాడేవాళ్ళు ముగ్గురో నలుగురో ఉండి, అందరి జాబ్‌లూ ఒకే సైజు అయితే ఇదే పెట్టుకోండి, ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేదు. అంతకు మించి ఉంటే వద్దు. చిన్న జాబ్ ముందు అనే పద్ధతి కూడా ఉంది, లెక్క ప్రకారం సగటు వెయిటింగ్ టైమ్ దాంట్లోనే తక్కువ, కానీ చిన్నవి వస్తానే ఉంటే పెద్ద జాబ్‌కి వంతు ఎప్పటికీ రాదు, సీఎఫ్‌డీ వాళ్ళు మీ రూమ్ ముందు కూర్చుంటారు. దాన్ని అట్టాగే పెట్టుకున్నోళ్ళని నేనైతే చూడలా.

ఇక బ్యాక్‌ఫిల్. స్లర్మ్‌లో డీఫాల్ట్ ఇదే, కాబట్టి మీరేమీ ముట్టుకోకపోతే మీ కాడ నడిచేది కూడా ఇదే. ఈ ఐడియా 1990ల మధ్యలో అమెరికాలో ఆర్గాన్ నేషనల్ ల్యాబ్‌లో ఐబీఎం ఎస్‌పీ మిషన్ మీద వచ్చింది, డేవిడ్ లిఫ్కా అనే ఆయన రాసిన షెడ్యూలర్, దాని పేరు ఈజీ, ఇప్పటికీ ఈజీ బ్యాక్‌ఫిల్ అనే అంటారు. లెక్క ఎట్టా ఉంటదో మా ఎనిమిది నోడ్ల మీదే చూడండి. ఐదు నోడ్ల మీద ఒక జాబ్ నడస్తా ఉంది, ఇంకో ఆరు గంటల్లో అయిపోద్దని రాసి ఉంది. క్యూలో మొదటోడికి ఆరు నోడ్లు కావాలి. ఖాళీగా ఉన్నవి మూడు. ఫీఫో అయితే ఆ మూడూ ఆరు గంటలు ఖాళీ, అంటే 18 నోడ్-గంటలు గాలికి. బ్యాక్‌ఫిల్ ఏం చేస్తదంటే మొదటోడికి ఆరు గంటల తర్వాత చోటు రాసి పెట్టేసి వెనకాల చూస్తది. రెండు నోడ్లు నాలుగు గంటలు అడిగినోడు ఉంటే ఎక్కించేస్తది. రెండు నోడ్లు పది గంటలు అడిగినా పర్లేదు, ఎందుకంటే ఆరు గంటలప్పుడు ఎనిమిదిలో ఆరు పెద్దోడికి పోయినా రెండు మిగులుతాయి. అదే మూడు నోడ్లు పది గంటలు అంటే కుదరదు, పెద్దోడికి ఐదే మిగులుతాయి కాబట్టి. ఆ మూడు నోడ్లోడే పది గంటలు కాకుండా ఐదు గంటలని రాసి ఉంటే ఇప్పుడే ఎక్కేవాడు. నిజంగా వాడి జాబ్ నాలుగున్నర గంటలదే అయితే టైమ్ దాటితే స్లర్మ్ చంపేస్తదన్న భయానికి పదని రాసుకున్నందుకు క్యూలో కూర్చున్నాడన్న మాట.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఆ మూడు నోడ్లోడు ఐదు గంటలని రాసి ఎక్కేశాడు అనుకోండి. నడస్తా ఉన్న ఐదు నోడ్ల జాబ్ ఆరు గంటలని రాసుకుంది కానీ రెండు గంటల్లోనే అయిపోయింది. ఇప్పుడు ఐదు నోడ్లు ఖాళీ, పెద్దోడికి కావాల్సింది ఆరు, ఆ ఒక్క నోడ్ కోసం ఐదో గంట దాకా ఆగాలి. షెడ్యూలర్ మాట తప్పలా, ఆరు గంటలంది ఐదుకే ఇచ్చింది, కానీ ముందు జాబ్ వాళ్ళు నిజం రాసుంటే పెద్దోడు రెండో గంటకే ఎక్కేవాడు. అంటే ఒకడు జాస్తి రాస్తే నష్టం వాడికి ఒక్కడికే కాదు.

ఈజీకి, కన్సర్వేటివ్ అనే ఇంకో రకానికి తేడా ఏందంటే ఈజీలో క్యూలో మొదటోడికి మాత్రమే చోటు రాసి పెడతారు, కన్సర్వేటివ్‌లో వెనకున్న అందరికీ రాసి పెడతారు. ఈజీలో ఖాళీలు బాగా నిండుతాయి, కన్సర్వేటివ్‌లో నీ జాబ్ ఎప్పుడు మొదలవుద్దో రవ్వ నమ్మకంగా చెప్పొచ్చు. స్లర్మ్ వాళ్ళది రెండో దానికే దగ్గర, పై ప్రయారిటీ ఉన్న ఏ జాబ్‌కీ లేటు కాకుండా చూసి ఎక్కిస్తది. అందుకే ఎస్‌క్యూ కమాండ్‌కి స్టార్ట్ ఆప్షన్ ఇస్తే అంచనా టైమ్ చూపిస్తది, పిల్లకాయలకి ఇది నేర్పిస్తే మీకు సగం ఫోన్లు తగ్గుతాయి.

కానీ ఇక్కడ రెండు గుంటలు ఉండాయి, రెండిట్లోనూ నేను పడ్డా. ఒకటి, పార్టిషన్‌కి డీఫాల్ట్ టైమ్ పెట్టకపోతే, టైమ్ రాయని ప్రతి జాబ్‌కీ ఆ పార్టిషన్ మ్యాక్స్ టైమే పడతది, అదీ పెట్టకపోతే అన్‌లిమిటెడ్. మా కాడ మ్యాక్స్ ఏడు రోజులు ఉండేది, పది నిమిషాల టెస్ట్ జాబ్ కూడా ఏడు రోజులదని స్లర్మ్ అనుకునేది, ఇంక బ్యాక్‌ఫిల్ దేన్ని ఎక్కడ దూరుస్తది? ఆర్నెల్లు మేము బ్యాక్‌ఫిల్ వాడతా ఉండామని అనుకుంటా ఫీఫోనే నడిపాం. రెండోది బ్యాక్‌ఫిల్ విండో, అంటే ముందుకి ఎంత దూరం చూసి ప్లాన్ వేసుకోవాలి అనేది. డీఫాల్ట్ 1440 నిమిషాలు, ఒక్క రోజు. మీరు వారం రోజుల జాబ్‌లు ఒప్పుకుని విండో ఒక్క రోజే ఉంచితే, ఎక్కువ నోడ్లు అడిగిన జాబ్‌కి ఎప్పుడు చోటొస్తదో షెడ్యూలర్‌కి కనపడనే కనపడదు, దాని కళ్ళ ముందే చిన్నవి దూరిపోతా ఉంటాయి, అది ఎండిపోతది. మ్యాక్స్ టైమ్ ఎంతో విండో కనీసం అంత ఉండాలి, పెంచినప్పుడు బ్యాక్‌ఫిల్ రెజల్యూషన్ (ప్లాన్‌లో టైమ్‌ని ఎంతెంత ముక్కలుగా చూడాలి అనేది) కూడా అరవై సెకన్ల నుంచి ఐదు పది నిమిషాలకి పెంచండి, లేకపోతే షెడ్యూలర్ మీదే లోడ్ పడతది.

సరే, బ్యాక్‌ఫిల్ ఖాళీలు నింపుతది, కానీ ఎవరు ముందు అనేది అది తేల్చదు, వరసని ప్రయారిటీ తేల్చాలి. ఫెయిర్‌షేర్ వచ్చేది ఇక్కడ. చాలామంది బ్యాక్‌ఫిల్లా ఫెయిర్‌షేరా అని అడుగుతారు, నేను కూడా టైటిల్‌లో అట్టాగే పెట్టా, అసలు అది తప్పు ప్రశ్న, అవి రెండూ కలిసే పనిచేస్తాయి. ఫెయిర్‌షేర్ అంటే మొన్న జాస్తి వాడుకున్నోడు ఈ తడవ వెనక్కి జరగడం. పాత ఫార్ములా ఏందంటే రెండు టు ది పవర్ ఆఫ్ మైనస్ యూ బై ఎస్, యూ అంటే మొత్తం వాడకంలో నీ భాగం, ఎస్ అంటే నీకు రాసిచ్చిన వాటా. రెండు డిపార్ట్‌మెంట్లకి చెరి సగం వాటా అనుకోండి, మెకానికల్ వాళ్ళు 80 శాతం వాడేస్తే వాళ్ళకి 0.33, 20 శాతం వాడిన సీఎస్ఈ వాళ్ళకి 0.76, వాటాకి సరిగ్గా వాడుకున్నోళ్ళకి 0.5. స్లర్మ్ 19.05 వెర్షన్ నుంచి డీఫాల్ట్‌గా ఫెయిర్ ట్రీ అనే ఇంకో లెక్క వచ్చింది, దాంట్లో ముందు డిపార్ట్‌మెంట్లకి వరస తేలుస్తారు, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ లోపల మనుషులకి, కాబట్టి తక్కువ వాడిన డిపార్ట్‌మెంట్‌లో జాస్తి వాడినోడు కూడా, జాస్తి వాడిన డిపార్ట్‌మెంట్‌లో అసలు వాడనోడికంటే ముందుంటాడు. ఇది న్యాయమా అని మా స్టాఫ్ రూమ్‌లో పెద్ద వాదన జరిగింది. నాకైతే న్యాయమే అనిపిస్తది, లేకపోతే గైడ్ ఒకాయన పదిమంది పిల్లకాయల లాగిన్లతో జాబ్‌లు పంచి పెట్టి క్యూ అంతా ఆక్రమించేస్తాడు, ఇది ఊహ కాదు, జరిగింది.

హాఫ్‌లైఫ్ సంగతి జాగ్రత్తగా చూడండి. పాత వాడకం ఎంత కాలానికి సగమవుద్ది అనేది, డీఫాల్ట్ ఏడు రోజులు. వెయ్యి కోర్-గంటలు వాడితే వారానికి 500గా కనపడతది, రెండు వారాలకి 250, నాలుగు వారాలకి 62. మా కాడ ప్రాజెక్ట్ రివ్యూలు వచ్చినప్పుడు ఒక బ్యాచ్ రెండు వారాలు మొత్తం తొక్కేస్తది, ఏడు రోజులే పెడితే వాళ్ళ వాడకం చకచకా చెరిగిపోయి తర్వాతి బ్యాచ్‌తో పాటు మళ్ళీ వాళ్ళే ముందుకొస్తా ఉండారు, పద్నాలుగుకి పెంచాక కుదురుకుంది. మరీ నెలలకి పెంచబాకండి, జనవరిలో వాడినందుకు ఏప్రిల్లో ఎవరినీ శిక్షించకూడదు. ఇంకో గమ్మత్తు, మల్టీఫ్యాక్టర్ ప్రయారిటీ (వాడకం, ఎదురుచూసిన టైమ్ లాంటివి కలిపి వరస తేల్చే పద్ధతి) ఆన్ చేసి ఊరుకుంటే ఏమీ జరగదు, వెయిట్లన్నీ డీఫాల్ట్‌గా సున్నా, అందరికీ ఒకే ప్రయారిటీ. ఫెయిర్‌షేర్‌కి ఎక్కువ వెయిట్, క్యూలో ఎంతసేపు నిలబడ్డాడు అన్న ఏజ్‌కి దాంట్లో మూడో వంతో నాలుగో వంతో ఇవ్వండి, ఎస్‌ప్రయో కమాండ్ కొడితే ఏ జాబ్‌కి ఏ లెక్కలో ఎంత వచ్చిందో కనపడతది. అకౌంటింగ్ డేటాబేస్ (ఎవరు ఎంత వాడారో రాసి పెట్టేది) నడస్తా ఉండాలి, అది లేకుండా ఫెయిర్‌షేర్ కదలదు.

మెమరీని మర్చిపోబాకండి. ఒక కోర్ అడిగి నోడ్‌లో మెమరీ మొత్తం తీసుకునే జాబ్ ఉంటది, కోర్ల లెక్కన చూస్తే అది సాధువు, నిజంగా నోడ్ మొత్తం దాని చేతిలో ఉంది. 2011లో బర్క్‌లీ వాళ్ళు డామినెంట్ రిసోర్స్ ఫెయిర్‌నెస్ అని ఒక పేపర్ రాశారు, ఎవరు ఏ వనరులో పెద్ద భాగం తీసుకుంటా ఉండారో దాన్నే వాళ్ళ వాటాగా లెక్కేయాలి అని. స్లర్మ్‌లో బిల్లింగ్ వెయిట్స్ (కోర్, మెమరీ, జీపీయూ ఒక్కోదానికి లెక్కలో ఎంత విలువ అనేది) పెట్టి, మ్యాక్స్ ట్రెస్ అనే ఫ్లాగ్ ఇస్తే దాదాపు అదే పని అవుద్ది. జీపీయూకి పెద్ద వెయిట్ ఇవ్వండి, లేకుంటే జీపీయూ పట్టుకుని కూర్చున్నోడి వాడకం రెండు కోర్లుగానే కనపడతది.

ఫెయిర్‌షేర్ చేయలేనిది కూడా చెప్పాలి. అది వెయిటింగ్‌లో ఉన్న వాళ్ళ వరసనే మారుస్తది, ఎక్కి కూర్చున్నోడిని దించదు. ఆదివారం రాత్రి క్లస్టర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకడు ఎనిమిది నోడ్లూ వారానికి పట్టేస్తే, సోమవారం పొద్దున మీ ఫెయిర్‌షేర్ లెక్క ఎంత బాగున్నా ఇచ్చేందుకు నోడే ఉండదు. దీనికి రెండు దారులు, ఒకటి లిమిట్లు, ఇంకోటి ప్రీఎంప్షన్.

ప్రీఎంప్షన్ అంటే ముఖ్యమైన జాబ్ వస్తే నడస్తా ఉన్న దాన్ని దించేయడం. దించిన దాన్ని చంపేయొచ్చు, మళ్ళీ క్యూలో పెట్టొచ్చు, సస్పెండ్ చేయొచ్చు. వినడానికి బానే ఉంటది. కానీ మళ్ళీ క్యూలో పెట్టిన జాబ్, చెక్‌పాయింట్ రాసుకోకపోతే, అంటే అప్పటిదాకా చేసింది మధ్యమధ్యలో సేవ్ చేసుకోకపోతే, మొదటి నుంచి మొదలవుద్ది, అరవై గంటలు నడిచిన డీఎఫ్‌టీ (అణువుల) లెక్క పోతే ఆ కెమిస్ట్రీ మేడమ్‌కి ముఖం ఎట్టా చూపిస్తారు? సస్పెండ్ చేస్తే కోర్లు ఖాళీ అవుతాయి గానీ మెమరీలో అది అట్టాగే ఉంటది, జీపీయూ మెమరీ కూడా వదలదు. అందుకని నేను ప్రీఎంప్షన్‌ని ఒక్క చోటే ఒప్పుకుంటా, ఖాళీ క్యూ అని వేరే పార్టిషన్ పెట్టి, దీంట్లో ఎక్కితే ఎప్పుడైనా దించేస్తాం, చెక్‌పాయింట్ రాసుకునేవాళ్ళే రండి అని ముందే చెప్పి. దించే ముందు ఐదు నిమిషాల గ్రేస్ టైమ్ ఇవ్వండి, ట్రైనింగ్ జాబ్‌లకి అది చాలు, మోడల్ సేవ్ చేసుకుని పోతాయి. చెక్‌పాయింట్ అంటే ఏందో తెలీని యూజర్లే జాస్తి ఉన్న కాలేజీలో అయితే ఈ దారి అసలు తొక్కబాకండి.

లిమిట్లు బోరు, కానీ పనిచేస్తాయి. మా కాడ ఒక్క మనిషికి నాలుగు నోడ్ల కంటే జాస్తి ఇవ్వం, మ్యాక్స్ ఏడు రోజుల నుంచి మూడు రోజులకి దించాం, జీపీయూ నోడ్లలో ఒకదానికి పగలు నాలుగు గంటల లిమిట్ ఉన్న పార్టిషన్ కట్టాం. జూపిటర్ నోట్‌బుక్ తెరిచి జీపీయూ పట్టుకుని టిఫిన్‌కి పోయే పిల్లకాయలకి ఆ నాలుగు గంటలే మందు. పార్టిషన్లు మాత్రం మరీ ముక్కలు ముక్కలు చేయబాకండి, డిపార్ట్‌మెంట్‌కి రెండు నోడ్లని పంచేస్తే ఒకరివి ఖాళీగా పడి ఉంటాయి, పక్కోళ్ళు క్యూలో ఏడుస్తా ఉంటారు, మెకానికల్ వాళ్ళ నాలుగు నోడ్ల జాబ్ ఇంక ఎక్కడా పట్టదు. ఎవరి డబ్బుతో కొన్న నోడ్ వాళ్ళకే అని పట్టుబట్టే హెచ్‌వోడీ ఉంటే, నోడ్ ఇవ్వబాకండి, ఫెయిర్‌షేర్‌లో వాటా పెంచి ఇవ్వండి, అంత కోర్-గంటలు వాళ్ళకే వస్తాయని లెక్క చూపించండి.

స్లర్మ్ బదులు కూబర్‌నెటీస్ (కంటైనర్లని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుపుకుందామా అని కూడా అడిగారు. వెబ్ సర్వీసులకైతే సరే, దాని మామూలు షెడ్యూలర్ పాడ్ (దాంట్లో నడిచే ఒక్కో పని ముక్క) తర్వాత పాడ్ ఒక్కోటీ చూస్తది, ఎనిమిది పాడ్లు ఒకేసారి కావాల్సిన జాబ్‌కి ఐదు ఇచ్చి మూడు ఇవ్వక అక్కడే ఇరుక్కుపోవచ్చు, దానికి వోల్కానో లాంటి షెడ్యూలర్లు వేరేగా పెట్టుకోవాలి. ఎంపీఐ జాబ్‌లు (చాలా నోడ్ల మీద ఒకేసారి కలిసి నడిచేవి) ఉన్న కాలేజీకి స్లర్మే నయం, నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన పరమ్ సూపర్‌కంప్యూటర్లలో కూడా స్లర్మే, మన పిల్లకాయలు రేపు ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ మీద కూర్చున్నా అవే కమాండ్లు.

టైమ్ లిమిట్ విలువ మాకు బాగా తెలిసొచ్చింది 2023 డిసెంబర్‌లో, మిచౌంగ్ తుపాను అప్పుడు. అది ఐదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, రెండు రోజుల ముందు నుంచే నెల్లూరు, ఒంగోలు వైపు ఒకటే వాన, కరెంటు ఎప్పుడు పోద్దో తెలీదు, యూపీఎస్ మీద క్లస్టర్‌ని లాగలేం. మూడో తేదీ పొద్దునే మెయింటెనెన్స్ రిజర్వేషన్ పెట్టా, నాలుగో తేదీ పొద్దున ఆరు నుంచి నోడ్లన్నీ మూత అని. స్లర్మ్‌లో రిజర్వేషన్ పెడితే, ఆ టైమ్ లోపల అయిపోదని రాసి ఉన్న జాబ్ ఏదీ మొదలవదు. ఇంక చూడండి, మూడు రోజులని రాసినోళ్ళవన్నీ పెండింగ్‌లో నిలబడిపోయాయి, ఎనిమిది గంటలు, పది గంటలని నిజం రాసుకున్నోళ్ళవి ఆ ఇరవై గంటల్లో హాయిగా నడిచి అయిపోయాయి. అదే క్యూ, అవే నోడ్లు. నా జాబ్ ఎందుకు కదలడం లేదని ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఒకటే అడిగా, నిజంగా ఎన్ని గంటలు పడతది అని. ఆ తర్వాత నుంచి రాయమని నేను పోరు పెట్టాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మీరు ఏం పెట్టాలంటే, ఒకే ల్యాబ్ నలుగురు మనుషులైతే ఫీఫో, లేదా ఉన్న బ్యాక్‌ఫిల్‌ని అట్టాగే వదిలేయండి. రెండు మూడు డిపార్ట్‌మెంట్లు, కలగాపులగం జాబ్‌లైతే బ్యాక్‌ఫిల్, దాని మీద డిపార్ట్‌మెంట్ వారీగా ఫెయిర్‌షేర్, పద్నాలుగు రోజుల హాఫ్‌లైఫ్, మనిషికి సగం నోడ్ల లిమిట్, మూడు రోజుల మ్యాక్స్ టైమ్. దీంట్లో తొంభై శాతం కాలేజీలు వచ్చేస్తాయని నా లెక్క, ఇది నా లెక్కే, ఎవరూ కొలిచింది కాదు. జీపీయూలే ప్రాణం, యూజర్లకి చెక్‌పాయింట్లు వచ్చు అంటే అప్పుడు ఖాళీ క్యూలో ప్రీఎంప్షన్ కలపండి. ఏది పెట్టినా ముందు గడిచిన మూడు నెలల అకౌంటింగ్ రికార్డ్ తీసి, ఒక కాలమ్‌లో అడిగిన టైమ్, పక్కన నిజంగా పట్టిన టైమ్ వేసి చూడండి. రెండిటికీ పదింతల తేడా ఉంటే ఇంకా పాలసీ జోలికి పోబాకండి, డీఫాల్ట్ టైమ్ ఒక గంట పెట్టి ఆగండి.

కావలి ఫ్రెండ్ అదే చేశాడు, కానీ ఎవరికీ చెప్పకుండా శుక్రవారం సాయంత్రం మార్చి ఇంటికి పోయాడు. సోమవారానికి టైమ్ రాయని జాబ్‌లన్నీ గంటకే చచ్చి పడి ఉన్నాయంట, ప్రిన్సిపాల్ దాకా పోయింది. మీరు మాత్రం వారం ముందే మెయిల్ పెట్టండి, స్క్రిప్ట్‌లో టైమ్ లైన్ ఎట్టా రాయాలో ఆ మెయిల్‌లోనే చూపించండి, లాగిన్ అవగానే కనపడే మెసేజ్‌లో కూడా అతికించండి.